తాళం వేసిన పార్కే పార్కు!

జనం తిరిగే పార్కు కూడా ఒక పార్కేనా?

కోపం తెచ్చుకోకండి, నిదానంగా ఆలోచించండి. ఇంట్లో వెండి గ్లాసు ఉంటే బీరువాలో పెట్టి తాళం వేస్తారా, వీధిలో పెట్టి దారిన పోయేవాళ్ళందరినీ తాగిపొమ్మంటారా? కొత్త గొడుగు కొన్నవాడు దాన్ని వానలో తడిపితే ఇంటి ఆడవాళ్ళు ఏమంటారు? మరి అంత శ్రమపడి బాగుచేసిన పార్కులోకి మనుషుల్ని రానివ్వమనడం ఏపాటి వివేకం?

ఈ సత్యాన్ని మన సీమలో అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత ధర్మవరంలోని కానుగమాన్ల పేట పార్కు అభివృద్ధి కమిటీది. దానికి అధ్యక్షులు పట్టు వ్యాపారి అశ్వత్థనారాయణ శెట్టిగారు. ఆ సత్యం ఎంత చెప్పినా తలకెక్కని మనిషి అదే పేటలో ఉండే నేతగత్తె సుంకమ్మ. ఆమె చేసిన పని చెబితే గానీ పార్కుకు తాళం ఎంత అవసరమో మీకు బోధపడదు.

కానుగమాన్ల పేట అంటే మగ్గాల పేట. పని ఉన్ననాడు మగ్గాల చప్పుడు, పని లేనినాడు మొగుడూ పెళ్ళాల చప్పుడు. ఈమధ్య రెండో చప్పుడే ఎక్కువగా వినబడుతోంది. ఆ పేట చివర ఉండేది పార్కు. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో దానమిచ్చిన స్థలం. పార్కు అని రాసిన బోర్డును చెదలు తినేసి చాలాకాలమైంది. లోపల కంపచెట్లు, విరిగిన బండ బెంచీ, ఎండిపోయిన తొట్టి, మేకలు. ఈ కొసన ఒక కానుగ మాను, ఆ కొసన ఒక కానుగ మాను. వాటి నడుమ తాడు పట్టి కొలిచినట్టు తిన్నటి నేల.

నేతపని తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. చీరకు నిలువునా సాగే దారాల వరసను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని ఆరుబయట బారుగా చాపాలి. రెండు కొసలా బిగించి కట్టి, పలచటి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, తెగిన పోగులు అతికి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. దానికి తిన్నటి చోటు కావాలి, కాస్త నీడ కావాలి. పేట వీధులేమో పాము పాకినట్టుంటాయి. పైగా తెల్లారితే బత్తలపల్లి వైపునుంచి శెనక్కాయల బండ్లు ఆ వీధుల్లో పడే మిల్లుకు పోతాయి. అందుకని పేటలో పుట్టిన ప్రతి పడుగూ ఆ రెండు కానుగమాన్ల నడుమే సాగింది. సుంకమ్మ కాపురానికి వచ్చిన మరునాడే అక్కడ కుంచె పట్టుకుంది.

చూశారా దౌర్జన్యం! పార్కులో కూర్చుని ప్రకృతి సౌందర్యాన్ని తిలకించినవాడు ఆ పేటలో ఒక్కడంటే ఒక్కడు లేడు. ముసలివాళ్ళు దగ్గుకుంటూ దారపు కండెలు చుట్టేవాళ్ళు. పిల్లలు మేకలతో పాటు చెట్లెక్కేవాళ్ళు. ఆడవాళ్ళు గంజి కాస్తూ ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ చెప్పుకునేవాళ్ళు. పార్కును ఇంతకంటే పాడుచేయడం ఎవరి తరం?

సుంకమ్మకు కూడా పార్కు బాగుపడాలనే ఉండేది. ఆ సంగతి మనం ఒప్పుకోవాలి. అయితే ఆమె కోరిక ఏమిటో తెలుసా? కంప కొట్టేయించి, ఒక కుళాయి వేయిస్తే చాలట! కంపముల్లు పట్టుపోగుకు తగిలితే పోగు లేచిపోతుందట, గంజికి నీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చుకోవాల్సి వస్తోందట. ఎంత అల్పమైన ఆశ! ఇలాంటివాళ్ళను పెట్టుకొని దేశం ఎప్పుడు ముందుకు పోతుంది?

అదృష్టం కొద్దీ శెట్టిగారు ఆ ఏడు బెంగుళూరు వెళ్ళారు. అక్కడ ఒక తోట చూశారు. కత్తిరించిన గడ్డి, నీళ్ళు ఎగజిమ్మే ఫౌంటెన్, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పే బోర్డులు. చూసేసరికి ఆయన గుండె కరిగిపోయింది. ఊరికి రాగానే కమిటీ వేసి, తన అంగడి మేడమీద సమావేశం పెట్టారు. పేటవాళ్ళలో ఒక్కరినీ పిలవలేదని కొందరు గొణిగారు. పిలిస్తే ఏమంటారు? కంప అంటారు, కుళాయి అంటారు. పెళ్ళికొడుకును అడిగి పెళ్ళి భోజనం వండుతారా ఎక్కడైనా?

పని మొదలైంది. మొదట కంప కొట్టించారు. ఆరోజు సుంకమ్మ చౌడమ్మ తల్లికి టెంకాయ కొట్టింది. తొందరపడింది పాపం. ఎందుకంటే ఆ తర్వాత చుట్టూ ఇనుప కంచె వచ్చింది. కంచెకు గేటు వచ్చింది. గేటుకు అరచెయ్యంత తాళం వచ్చింది.

లోపల పచ్చగడ్డి పరిచారు. నడుమ ఫౌంటెన్ కట్టడానికి హిందూపురం నుంచి మేస్త్రీని పిలిపించారు. శెట్టిగారు హంస కావాలన్నారు. మేస్త్రీ చేతులు దులుపుకొని, “ఈ దుడ్లకు కొంగే వస్తాదప్పా. హంస కావల్లంటే ఇంకా దుడ్లు కావల్ల” అన్నాడు. అందువల్ల ఫౌంటెన్ నడుమ సిమెంటు కొంగ ఒంటికాలి మీద నిలబడింది.

కొంగ నోట్లోంచి నీళ్ళు రావాలి కదా! అందుకోసం పేటకంతా ఉన్న ఒక్క వీధి కుళాయి గొట్టాన్ని పార్కులోకి మళ్ళించారు. ఆ నీళ్ళు కొంగ మింగిందో, గడ్డి మింగిందో, నోట్లోంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు. పేట ఆడవాళ్ళు బిందెలెత్తుకొని రైలు స్టేషను దాకా నడవడం మొదలుపెట్టారు. ఆరోగ్యానికి నడకను మించిన మందుందా? ఉచితంగా అంత ఆరోగ్యం ఇచ్చిన కమిటీని వాళ్ళు తలచుకున్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఇక బోర్డులు. గడ్డి తొక్కరాదు. పూలు కోయరాదు. బెంచీలపై కూర్చోరాదు. కొంగను తాకరాదు. పడుగులు చాపరాదు. పేటలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి, బోర్డులు చదివి వినిపించడానికి ఒక వాచ్‌మన్‌ను పెట్టారు. అతను నాగన్న, సుంకమ్మకు సొంత మరిది. మగ్గం మూలపడి ఇంట్లో కూర్చున్నవాడికి కమిటీ ఖాకీ కోటు ఇచ్చింది. అతనికీ చదువు రాదనుకోండి. కానీ ఏ బోర్డైనా “కూడదు” అనే చెబుతుంది కనుక పనికి ఇబ్బంది రాలేదు.

ఆలోచించేకొద్దీ ఈ పద్ధతి అన్నిచోట్లా పెట్టాలనిపిస్తుంది. పిల్లలు రాకపోతే బడి గోడలు ఎంత తెల్లగా ఉంటాయి! రోగులు రాకపోతే ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉంటుంది! ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కేవాళ్ళను ఆపేస్తే ప్లాట్‌ఫారం మీద అన్నం వడ్డించుకోవచ్చు! జనం వల్లనే కదా ఊళ్ళన్నీ పాడైపోతున్నాయి?

ఇంత చక్కటి ఏర్పాటు జరుగుతుంటే సుంకమ్మకు పట్టిందేమిటయ్యా అంటే, ఆమె పడుగు.

ఆమె, ఆమె మొగుడు చౌడప్ప పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి శెట్టిగారు ఇచ్చిన పట్టే నేశారు, శెట్టిగారు చెప్పిన రంగే నేశారు. చేతులు వీళ్ళవి, చీర ఆయనది. ఈసారి మాత్రం సుంకమ్మ చెవుల కమ్మలు తీసిచ్చి సొంతంగా పట్టు తెప్పించింది. కుంకుమ రంగు అద్దించింది. కమ్మలున్న చోట వేపపుల్లలు పెట్టుకొని, అద్దం చూసుకోవడం మానేసింది. ఆ పడుగు చీరలైతే వాళ్ళ మగ్గం వాళ్ళదవుతుంది. పాడైతే మళ్ళీ శెట్టిగారి అరుగు మీద చేతులు కట్టుకొని నిలబడాలి, ఈసారి కమ్మలు కూడా లేకుండా. అంతే సంగతి. ఇంత చిన్న విషయానికి ఆమె కంటిమీద కునుకు లేదు.

పడుగు సిద్ధమై గంపలో కూర్చుంది. చాపే చోటు లేదు. సుంకమ్మ గేటు దగ్గరికి పోయింది.

“ఏం నాగన్నా, పొద్దున ఒక్క గడియ తలుపు తీయబ్బా. నీ గడ్డి మీద కాలు పెట్టను, అంచునే పోతా.”

“వదినా, నీకు దండం పెడతా. లోపల చాపితే నా కోటు పోతాది.”

“కోటు పోతే పోనీలే. ఎండాకాలంలో అది ఏసుకొని ఉడికిపోతాండావు.”

నాగన్న నవ్వలేదు. అన్న ఇంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదా? కాసేపు తల గోక్కొని, గొంతు తగ్గించి చెప్పాడు. “లోపల కూడదని బోర్డు ఉండాది. గేటు ముందర రోడ్డు మీద కూడదని ఏ బోర్డూ లేదు. రేపు ప్రారంభోత్సవమని బండ్లన్నీ ఆపేస్తాండారు. రోడ్డు ఊడ్చి నీళ్ళు చల్లిస్తాండారు. తెల్లారక ముందే వచ్చి చాపుకో, ఎండ పడేలోపల చుట్టేసుకో. రిబ్బను కత్తిరించే పెద్దాయన వచ్చేది ఎనిమిదికంట.”

ఎనిమిది! ఎనిమిది గంటలకని అచ్చువేస్తే పెద్దలు మధ్యాహ్న భోజనానికి వస్తారని సీమలో చంటిబిడ్డకు కూడా తెలుసు. ఆ మాట మీద నమ్మకంతో పెళ్ళి ముహూర్తాలు కూడా పెట్టుకోవచ్చు. సుంకమ్మ ఆ నమ్మకంతోనే ఇంటికి పోయి గంజికి బియ్యం నానబోసింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

మరునాడు కోడికూతకు పేట సగం రోడ్డు మీదికి వచ్చింది. గేటుకు ఈ పక్కన కరెంటు స్తంభం, ఆ పక్కన కంచె మూల స్తంభం. వాటి నడుమ, గేటుకు సరిగ్గా అడ్డంగా, నడుము ఎత్తున కుంకుమరంగు పడుగు సాగింది. ఇటు కొందరు, అటు కొందరు వరసగా నిలబడి కుంచెలు ఆడిస్తున్నారు. పక్కింటి ముసలి యల్లక్క గంజి చట్టి పట్టుకొని వెనకాలే నడుస్తోంది. చల్లగాలికి పడుగు మెరుస్తుంటే చౌడప్ప చాలాకాలానికి కూనిరాగం తీశాడు.

“బో పాడతాండాడే!” అంది యల్లక్క.

“పాడనీలే అత్తా. సొంత పడుగు గదా” అంది సుంకమ్మ. అప్పుడామెకు చెవులు బోసిగా ఉన్నాయన్న సంగతి కూడా గుర్తులేదు.

సరిగ్గా ఆ వేళకే జీపు వచ్చింది.

ముఖ్య అతిథిగారికి ఆరోజు మూడు ఊళ్ళలో ప్రారంభోత్సవాలు. హిందూపురంలో ఒకటి, పెనుకొండలో ఒకటి చేసుకొని మధ్యాహ్నానికి ధర్మవరం రావాలి. కానీ ఎండలు మండిపోతున్నాయని ఆయన వరస తిప్పేసి ధర్మవరమే మొదట పెట్టుకున్నారు. చెప్పిన వేళకంటే ముందే వచ్చిన పెద్దమనిషిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. శెట్టిగారు అప్పుడింకా ఇంట్లో పళ్ళు తోముకుంటున్నారు. రిబ్బను, పళ్ళెం, కత్తెర ఆయన దగ్గరే ఉన్నాయి.

అతిథిగారు జీపు దిగారు. ఎదురుగా మామిడాకులు కట్టిన కొత్త గేటు. రెండు పక్కలా వరసగా నిలబడిన జనం. గేటుకు అడ్డంగా ఎర్రటి పట్టు. రిబ్బను కాస్త వెడల్పుగానే ఉంది. పట్టుచీరల ఊరు కదా, ఆమాత్రం దర్జా ఉంటుందనుకున్నారు. ఊరూరా తుప్పు కత్తెరలతో రిబ్బన్లు నమిలి నమిలి విసిగిపోయిన మనిషి కనుక, ఆయన జేబులో ఎప్పుడూ సొంత కత్తెర ఉంటుంది. దాన్ని తీశారు. ఎర్రటిది కనబడితే కత్తిరించడం ఆయనకు అలవాటైపోయింది.

“స్వామీ! స్వామీ!” అని నాగన్న గేటు లోపలినుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆయన దాన్ని జయజయధ్వానం అనుకొని చిరునవ్వు నవ్వారు.

ఒక్కసారికి తెగలేదు. “గట్టి రిబ్బనే!” అని మెచ్చుకొని ఇంకోసారి నొక్కారు. బిగించి కట్టిన పడుగు రెండు ముక్కలై, రెండు పక్కలకూ పోయి తడి మట్టిలో పడింది. జీపు డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

ఇంకెవరూ కొట్టలేదు. కుంచెలు గాల్లో ఎక్కడివక్కడే ఆగిపోయాయి. సుంకమ్మ “అయ్యో, నా పడుగు!” అని ఒక్క కేక వేసి మట్టిలో కూలబడి, తెగిన కొసల్ని రెండు చేతులా ఒళ్ళోకి తీసుకుంది. చౌడప్ప కుంచె కింద పెట్టి తల మీద చేతులు పెట్టుకున్నాడు. వాళ్ళను చూడలేక నాగన్న ముఖం తిప్పుకున్నాడు.

“ఎందుకమ్మా ఏడుస్తున్నావు? పార్కు వచ్చింది, సంతోషించాలి గానీ” అన్నారు అతిథిగారు.

యల్లక్క చట్టి దించి ముందుకొచ్చింది. ఆమెకు పెద్దాచిన్నా లేదు. “ఏం స్వామీ, కంటికి రిబ్బనూ పడుగూ ఒకటేనా? బిడ్డ చెవులు బోడి చేసుకొని తెచ్చుకున్న పట్టు అది. ఆ రెండు మాన్ల నడమ చాపుకునేటోళ్ళం. గేటు పెట్టి తాళమేస్తే మేము యాడికి పోవల్ల?”

అప్పుడాయన చేతిలోని కత్తెరను చూసుకున్నారు. తర్వాత జనాన్ని చూశారు. జనం చాలామంది ఉన్నారు, ఎన్నికలు అంత దూరంలో లేవు. కత్తెర జేబులోకి పోయింది.

“ఇది మళ్ళీ అతుక్కుంటుందా అమ్మా?”

సుంకమ్మ తల ఎత్తింది. “అతుక్కుంటాది స్వామీ. పోగు పోగూ ఎదికి పురిపెట్టల్ల. దుమ్ము లేని తావున, నీడన కూర్చోని అతకల్ల. మాకు ఆ తావే లేదు.”

“ఎందుకు లేదు? ఈ పార్కు ఎవరికోసం కట్టారు?” అని ఆయన గర్జించారు. ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఆ గర్జనకు సరిగ్గా అందేటట్టు శెట్టిగారు వెండిపళ్ళెంలో రిబ్బను పెట్టుకొని, రొప్పుకుంటూ వచ్చి పడ్డారు. అతిథిగారు అందరూ వినేటట్టు చెప్పారు. “శెట్టిగారూ, వీళ్ళు లోపల కూర్చొని అతుక్కుంటారు. ఒక్క పోగు మిగిలి ఉన్నా సరే, గేటు వెయ్యకూడదు. నా మాట!”

శెట్టిగారు పళ్ళెం దించేలోపలే జీపు పెనుకొండకు వెళ్ళిపోయింది.

ఇక చూడండి ఘోరం! పేట ఆడవాళ్ళంతా పార్కులోకి వచ్చేశారు. గడ్డి తొక్కరాదన్న బోర్డు ముందే గడ్డి మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. పోగు జారకుండా వేళ్ళకు విబూది రాసుకొని, పోగుకు పోగు కలిపి పురిపెట్టారు. సుంకమ్మది కదా మనకెందుకని ఒక్క ఇల్లూ అనుకోలేదు. తమ మగ్గాలు ఆపుకొని వచ్చారు. ఎండిపోయిన కొంగ మెడకు ఎవరో జోలె కట్టి అందులో పసిబిడ్డను పడుకోబెట్టారు. నాగన్న ఖాకీ కోటు విప్పి బోర్డుకు తగిలించి, పడుగు కొస పట్టుకొని నిలబడ్డాడు. వాచ్‌మన్ చేయాల్సిన పనేనా అది?

కొన్నాళ్ళకు ఒక పొద్దుటిపూట శెట్టిగారు తాళం చేతబట్టుకొని వచ్చారు. అప్పటికే ఆడవాళ్ళు కుంకుమ పడుగును చుట్టేసి సుంకమ్మ ఇంటికి పంపేశారు, దాని చోట ఇంకెవరిదో కొత్త పడుగు సాగుతోంది.

“అయిపోయింది కదా, ఇంక లేవండమ్మా.”

“యాడైంది సావుకారా? ఇంకొక పోగు ఉండాది.”

చూస్తే నిజమే. సుంకమ్మ కొసన ఒకే ఒక్క పోగును అతకకుండా పక్కకు తీసింది. దాని ఒక ముక్క ఈ కానుగమానుకు, ఇంకో ముక్క ఆ కానుగమానుకు కట్టి ఉంది. కుంకుమరంగు పోగులు గాలికి ఊగుతున్నాయి.

“ఒక్క పోగు లేకపోతే చీర ఆగిపోతుందా ఏమి?”

“చీర ఆగదు సావుకారా. అది అతికేస్తే పెద్దాయన మాట ఆగిపోతాది. ఒక్క పోగు మిగిలినా గేటు వెయ్యగూడదని చెప్పినాడు గదా. మీరూ ఇన్నారు.”

శెట్టిగారు ఆయన్నే పోయి అడగొచ్చు. అడిగితే ఆ కత్తెర సంగతి ఆయనకు మళ్ళీ గుర్తుచేయాలి. వ్యాపారం చేసి తలపండిన మనిషి అలాంటి పని చేస్తారా? అందుకని తాళం తీసుకుపోయి అంగడిలో మేకుకు తగిలించారు. కొంగ నోట్లోంచి రాని నీళ్ళు మళ్ళీ కుళాయిలోంచి వస్తున్నాయి. పేటవాళ్ళు బిగించుకున్న ఆ కుళాయి ఇప్పుడు పార్కులోనే, కానుగ నీడన ఉంది.

కుంకుమ పడుగు మగ్గమెక్కి, చీరలై, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. కమ్మలు ఇంకా రాలేదు. చీరలమ్మగా వచ్చిన డబ్బుతో సుంకమ్మ మళ్ళీ సొంత పట్టే తెచ్చుకుంది. పార్కు మాత్రం పూర్తిగా పాడైపోయింది. గడ్డి పోయింది. ముసలివాళ్ళ దగ్గులు, పిల్లల కేకలు, ఆడవాళ్ళ నవ్వులు, రంగురంగుల పడుగులు! శుభ్రంగా ఉన్న పార్కు మనుషులతో ఎలా నిండిపోయిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చదువరులారా, మీ పేటలో కూడా ఇలాగే పార్కును బాగుచేసి తాళం వేశారా? దిగులు పడకండి. అర్జీలు పెట్టకండి, ఎవరూ చదవరు. మీ బతుకు తీసుకొచ్చి గేటుకు అడ్డంగా చాపండి. దాన్ని కత్తిరించే దాకా పెద్దల కంటికి అది ఆనదు.

మొన్న శెట్టిగారు మళ్ళీ వచ్చారు. ఈసారి తాళం తేలేదు. బెంచీ మీద, కూర్చోరాదన్న బోర్డు పక్కనే కూర్చొని నిట్టూర్చారు. “కంప కొట్టించి కుళాయి వేస్తే చాలని మొదటే చెప్పుంటే సరిపోయేది కదమ్మా!”

“అడిగితే గదా సావుకారా, చెప్పేది?” అంది సుంకమ్మ, కుంచె ఆపకుండా.

“సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఆ పోగు ఎప్పుడు అతుకుతావు?”

సుంకమ్మ కానుగమాను వైపు చూసింది. “మీ అంగట్లో మేకుకు ఉండాదే తాళం, దాన్ని బాయిలో పారేసిన దినం.”

శెట్టిగారు ఇంకా ఆలోచిస్తున్నారు. తాళానికి వారంవారం నూనె రాయిస్తున్నారు. సుంకమ్మ కూడా రోజూ పొద్దున రాగానే ఆ పోగు ముడి ఊడలేదు కదా అని ఒకసారి చేత్తో తడిమి చూసుకొని, తర్వాతే కుంచె పడుతోంది.